నౌకరి ఉండనీ, బొమ్మ ఆగనీయకు

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. నాయిన రైసుమిల్లులో హమాలీ. నేను వనపర్తి పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ ఈ డిప్లొమా చేసి, రెండేళ్లు కోచింగ్ తీసుకుని విద్యుత్ సంస్థలో సబ్ ఇంజనీర్ ఉద్యోగం సంపాదించాను. ఇప్పుడు సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ డ్యూటీ, అద్దెకు ఒకే గదిలో ఉంటున్నాను. వయసు 26. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తున్నాను, ఆయిల్ రంగులంటే మోజు. ఉద్యోగానికి రాజీనామా చేసి హైదరాబాద్‌లో బీఎఫ్‌ఏలో (చిత్రకళ డిగ్రీలో) చేరాలని ఉంది. ఇంట్లో చెప్తే నాయిన "సర్కారు నౌకరి ఇడిసిపెట్టి రంగులు పూసుకుంట తిరుగుతవా? నేను బస్తాలు మోసి సదివిపిచ్చింది ఇందుకేనా" అన్నడు. ఆయన భుజం మీద బస్తా ఆనేచోట చర్మం చెప్పు అట్టలా అయింది సార్, అది చూసి నేనేం మాట్లాడలేకపోయాను. దోస్తులేమో బీటెక్ కూడా చేసి ప్రమోషన్ కొట్టమంటున్నారు. ఉద్యోగం చేస్తూ పెయింటర్ కావడం అయ్యే పనేనా? నేను వేసిన పన్నెండు బొమ్మల ఫొటోలు పంపుతున్నాను.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఫొటోలు మాత్రం చాలాసార్లు చూశాను. ముందు వాటి గురించే మాట్లాడతాను, ఎందుకంటే నీ ప్రశ్నకు జవాబు ఉత్తరంలో కంటే ఆ ఫొటోల్లోనే ఎక్కువ ఉంది.

పన్నెండులో పదకొండు బొమ్మలు శుభ్రంగా ఉన్నాయి. బంగారు రంగు బుద్ధుడు, రాధాకృష్ణులు, పరుగెత్తే ఏడు గుర్రాలు, ఎర్ర కుంకుమబొట్టు పెద్దగా పెట్టుకున్న తెలంగాణ ఆడవాళ్లు నలుగురు. చెయ్యి తిరిగింది, సందేహం లేదు. కానీ ఆ గుర్రాలు నువ్వు ఎక్కడా చూసినవి కావు. ఆ ఆడవాళ్లు తోట వైకుంఠం గారి బొమ్మల్లోంచి వచ్చినవాళ్లు. ఆయన కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టి, హైదరాబాద్‌లో చదివి, బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకుని, అంత చదువు తర్వాత మళ్లీ తన ఊరి ఆడవాళ్ల దగ్గరికే వచ్చాడు. ఆ బొట్టు, ఆ చీర రంగు ఆయన కళ్లతో చూసి సంపాదించుకున్నవి. నీకు అవి తయారుగా దొరికాయి. తేడా అక్కడుంది.

పన్నెండోది రంగుల బొమ్మ కాదు. సబ్‌స్టేషన్ రీడింగులు రాసే లాగ్‌షీటు వెనకవైపు బాల్‌పెన్నుతో గీసింది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె నీడలో ఒక లైన్‌మన్ కూర్చుని సద్ది తింటున్నాడు. లైనులో మిగిలిన కరెంటును భూమిలోకి దించే డిశ్చార్జ్ రాడ్ స్తంభానికి ఆనించి ఉంది. రబ్బరు గ్లౌజులు ఒకదాని మీద ఒకటి, అలసిపోయిన రెండు చేతుల్లాగా పడి ఉన్నాయి. పక్కన హెల్మెట్ వెల్లకిలా పెట్టి ఉంది, దాంట్లో ఒక ఉల్లిగడ్డ, రెండు పచ్చిమిరపకాయలు. హెల్మెట్‌ని పళ్లెం చేసుకున్న ఆ మనిషిని నేను ఇంతవరకు ఏ బొమ్మలోనూ చూడలేదు. ముప్ఫై ఏళ్లు పాలిటెక్నిక్ పిల్లలకు ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పినవాణ్ని, వేల కాగితాలు దిద్దినవాణ్ని. ఆ బొమ్మ దగ్గర ఆగిపోయాను. ఆ బొమ్మను నీకు ఇచ్చింది నీ ఉద్యోగమే. రాజీనామా గురించి ఆలోచించే ముందు ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకో.

(ఒక్క మాట, లాగ్‌షీటు సంస్థ కాగితం. దాని వెనక ఇక గీయకు. జేబులో పట్టే నోటుబుక్కు ఒకటి కొనుక్కో.)

ఇప్పుడు బీఎఫ్‌ఏ సంగతి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ మన రాష్ట్రంలో దీనికి పెద్ద దిక్కు. ప్రవేశానికి ఎఫ్‌ఏడీఈఈ అనే పరీక్ష రాయాలి, అందులో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. కోర్సు నాలుగేళ్లు, పగటిపూట కాలేజీ. షిఫ్టులు చేసుకుంటూ చదివేది కాదు. అంటే నిజంగానే రాజీనామా పెట్టాలి. బయటికొచ్చేసరికి నీకు ముప్ఫై దాటుతుంది. అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ చదివినవాళ్లకు కంపెనీల్లో పని దొరుకుతుంది. పెయింటింగ్ చదివినవాళ్లకు ఎక్కువగా టీచింగే దారి, ఆర్ట్ టీచర్ పోస్టులకు నోటిఫికేషన్లు ఎంత అరుదుగా పడతాయో నీకు తెలుసు. పద్దెనిమిదేళ్ల పిల్ల అడిగితే వెళ్లమ్మా అని చెప్పేవాణ్ని, చాలామందికి చెప్పాను కూడా. నీ ఇంటి పరిస్థితిలో నీకు చెప్పను. ఆ కాలేజీ నీకు ఇచ్చే మూడు విషయాలు మాత్రం చాలా విలువైనవి: నీ పనిని కోసి చూపించే గురువు, పక్కన కూర్చుని పోటీపడే దోస్తులు, రోజూ గీయక తప్పని అలవాటు. ఈ మూడూ బయట సంపాదించుకోవచ్చు. కష్టం, కానీ అయ్యే పనే.

ఎలా అంటే, అయినవాళ్లున్నారు. సుధీర్ పట్వర్ధన్ పేరు విన్నావో లేదో. 1949లో పుట్టాడు, చదివింది మెడిసిన్. 1975 నుంచి 2005 దాకా ముప్ఫై ఏళ్లు ముంబయి పక్కన థానేలో రేడియాలజిస్టుగా పనిచేశాడు. పగలు ఎక్స్‌రే ఫిల్ములు చూడటం, మిగతా టైములో బొమ్మ. ఏం వేశాడు? లోకల్ రైళ్లు, ఇరానీ హోటళ్లు, ఫ్యాక్టరీల చుట్టూ బతికే కూలీలు, థానే ఇళ్లు. మనిషి శరీరం ఆయన బొమ్మల్లో ఎంత బరువుగా ఉంటుందో చూడు. పొద్దంతా ఎముకలూ ఊపిరితిత్తులూ చూసే డాక్టర్ కన్ను అది అని నాకనిపిస్తుంది. దేశంలోని పెద్ద చిత్రకారుల్లో ఒకడిగా పేరొచ్చాక కూడా ఆసుపత్రి పని చేస్తూనే ఉన్నాడు. భూపేన్ ఖఖ్ఖర్ చార్టర్డ్ అకౌంటెంట్. బరోడాలో ఫ్యాక్టరీ లెక్కలు చూస్తూ గడియారాలు బాగుచేసేవాణ్ని, మంగలిని, దర్జీని బొమ్మల్లోకి తెచ్చాడు. కృష్ణ్ ఖన్నా గ్రిండ్‌లేస్ బ్యాంకు ఉద్యోగి. 1961లో ఉద్యోగం వదిలేశాడు, నిజమే. అయితే అప్పటికే ఆయన ప్రదర్శనలు జరిగాయి, బొమ్మలు నిలదొక్కుకున్నాయి. ఉద్యోగం వదిలాక బొమ్మ మొదలుపెట్టలేదు, బొమ్మ పెరిగి పెరిగి ఉద్యోగంలో పట్టక వదిలాడు. నువ్వు వదిలే రోజు వస్తే అలా రావాలి.

అంత దూరం ఎందుకు, మన దగ్గర చూడు. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్ ఉమ్మడి నల్గొండ జిల్లా కదిరేనిగూడెం మనిషి, పత్రికల్లో బొమ్మలు వేస్తూ వేస్తూ తన బొమ్మ తను కనుక్కున్నవాడు. మన పోచంపల్లి, పుట్టపాక నేతగాళ్లను అడుగు, కళ ఎక్కడ అయిపోయి లెక్క ఎక్కడ మొదలవుతుందో చెప్పమని. గ్రాఫు కాగితం మీద గళ్లు లెక్కపెట్టి, ఆ లెక్క ప్రకారం నూలుకు చిటికి కట్టి, రంగులో ముంచి, మగ్గం ఎక్కిస్తారు. ఒక్క పోగు జరిగితే పువ్వు చెదిరిపోతుంది. నీలాంటి డిప్లొమా పిల్లాడు నెర్వస్‌గా అడిగే "టెక్నికల్ మనిషికి కళ వస్తదా సార్" అన్న ప్రశ్న వాళ్లకు అర్థం కూడా కాదు.

నా మనసులో ఉన్నది ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కింద, నేను పనిచేసిన ఒక కాలేజీలో మెకానికల్ పిల్లవాడు ఒకడుండేవాడు. ఐసోమెట్రిక్ డ్రాయింగ్ షీటు అంచుల్లో ఎడ్లు, ఎడ్ల కాళ్ల కింద లేచే దుమ్ము గీసేవాడు. ఆ దుమ్ము నాకిప్పటికీ గుర్తుంది, రెండు గీతలతో లేపేవాడు. మార్కులు పోతాయని మందలించాను. "ముందు నౌకరి తెచ్చుకో, బొమ్మలు ఎప్పుడైనా గీసుకోవచ్చు" అన్నాను. మంచి మాటే అనుకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత ఒక పెళ్లిలో కలిశాడు. సిమెంటు ఫ్యాక్టరీలో మంచి హోదా, ఇల్లు, కారు. బొమ్మలు వేస్తున్నావా అంటే నవ్వి, "రిటైరయినంక చూద్దాం సార్, ఇప్పుడు చెయ్యి రాదు" అన్నాడు. ఆ "చెయ్యి రాదు" అన్న మాటకు సగం బాధ్యత నాది. ఉద్యోగం ఆ పిల్లాడి బొమ్మను చంపలేదు. ఎప్పుడైనా గీసుకోవచ్చన్న మాట చంపింది. అందుకే నీకు ఉద్యోగం వదలొద్దని చెప్తూనే, రేపటి నుంచి కాదు, ఈ వారం నుంచే బొమ్మను పనిగా పెట్టుకొమ్మని చెప్తున్నాను.

ఎట్లా పెట్టుకోవాలి? రెండేళ్లకు ఒకే ఒక్క విషయం తీసుకో. నా మాట వింటే, నీ చుట్టూ ఉన్న కరెంటు మనుషులు. లైన్‌మన్లు, ఆపరేటర్లు, బిల్లు రీడింగుకొచ్చే పిల్లలు, రాత్రి మోటరు కాలిపోతే సబ్‌స్టేషన్ గేటు దగ్గర నిలబడే రైతులు, గాలివాన తర్వాత ఒరిగిన స్తంభాలు. బుద్ధుణ్ని, గుర్రాలను పక్కన పెట్టు. ఎవరైనా డబ్బిచ్చి అడిగితే వెయ్యి, తప్పులేదు, కానీ వాటిని నీ పనిలో లెక్కపెట్టకు. మొదటి ఏడాది కాగితం, పెన్సిలు, బాల్‌పెన్ను మాత్రమే. రెండో ఏడాది రంగు. రెండేళ్ల చివర ఒకే విషయం మీద నలభై బొమ్మలు గోడకు ఆనించి చూసుకుంటే, నువ్వెవరో నీకే కొంచెం తెలుస్తుంది.

డ్యూటీలో ఉండగా మాత్రం గీయకు. యార్డులో నిలబడి బొమ్మ మీద ధ్యాస పెట్టడం ప్రాణం మీదికొస్తుంది, నీదే కాదు, లైను మీదున్నవాడిది కూడా. ఫొటోలు తీయడానికీ అనుమతి కావాలి. చూడు, అంతే. దిగిన తర్వాత రూముకొచ్చి స్నానం చేసేలోపే ఇరవై నిమిషాలు కూర్చుని, చూసింది గుర్తుతో గీయి. చెయ్యి ఎక్కడ పట్టుకున్నాడు, నడుము ఎంత వంగింది, తాడు ఏ వైపు వేలాడింది. గుర్తులేనిచోట ఖాళీగా వదిలెయ్, మర్నాడు అక్కడికే వెళ్లి ఆ ఒక్క ముక్క చూసి రా. నెల తిరిగేసరికి నీ కన్ను ఎట్లా పదునెక్కుతుందో చూడు. ఎఫ్‌ఏడీఈఈలో మెమరీ డ్రాయింగ్ ఊరికే పెట్టలేదు. రాత్రి షిఫ్టు దిగిన పొద్దున మాత్రం పడుకో. నిద్ర చెడగొట్టుకుని వేసే బొమ్మ కంటే పడుకుని లేచి వేసే బొమ్మ మేలు.

రంగుల గురించి కాస్త వివరంగా చెప్పనీ, ఎందుకంటే నీ ఫొటోల్లో నన్ను ఇబ్బంది పెట్టింది అదే. ట్యూబులోంచి తీసిన రంగు తీసినట్టే పూస్తున్నావు. మీ శాఖలో మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలం గుర్తులు కదా. నీ రంగుల పళ్లేన్ని కూడా అట్లాగే మొదలుపెట్టు: బర్న్‌ట్ సియెన్నా, ఎల్లో ఓకర్, అల్ట్రామెరీన్ బ్లూ, వీటికి తోడు టైటానియం వైట్. అంతే, నల్లరంగు కొనకు. సియెన్నా, అల్ట్రామెరీన్ కలిపితే నల్లకు దగ్గరి ముదురు రంగొస్తుంది. దాంట్లో తెలుపు కలిపేకొద్దీ ట్రాన్స్‌ఫార్మర్ బూడిద రంగు, అల్యూమినియం తీగ మెరుపు, వాన ముందటి ఆకాశం అన్నీ వస్తాయి. నీలం ఎక్కువైతే చల్లగా, సియెన్నా ఎక్కువైతే వేడిగా. ఓకర్, సియెన్నా అసలు మట్టి రంగులే, ఇనుము ఉన్న మట్టి. మన ఎర్రచెలకల రంగు కూడా ఆ ఇనుము వల్లే వచ్చింది. మిర్యాలగూడ నుంచి దేవరకొండ దాకా బస్సు కిటికీలోంచి చూస్తే ఈ రెండు ట్యూబులూ నేల మీద పరిచినట్టే ఉంటుంది.

ఆయిల్ రంగుల మోజు ఉందని రాశావు. అద్దెకుండేది ఒకే గది అన్నావు. ఆయిల్ రంగులు పలచన చేసే టర్పెంటైన్ వాసనలో పడుకోవద్దు, ఇప్పటికి అక్రిలిక్ చాలు. అది నిమిషాల్లో ఆరిపోతుంది, ఎండకాలం నల్గొండలో పళ్లెం మీదే గట్టిపడుతుంది, కాబట్టి తడి గుడ్డ మీద బటర్ పేపర్ పరిచి దానిమీద రంగు పెట్టుకో. పోస్టర్ రంగులు వదిలెయ్, వాటిలో చాలావరకు వెలిసిపోతాయి. ఇక వెలుతురు. పాత సోడియం వేపర్ దీపాలున్న యార్డులో నీలం డబ్బా దాదాపు నల్లగా కనిపించడం నువ్వు చూసే ఉంటావు. గదిలో పసుపు బల్బు కింద రంగు కలిపినా అదే మోసం జరుగుతుంది. సీఆర్‌ఐ (దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 దాటిన తెల్ల ఎల్‌ఈడీ ఒకటి పెట్టుకో. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు, ఈ విషయంలో బీఎఫ్‌ఏ పిల్లల కంటే నువ్వే ముందున్నావు.

వెలుతురు మాట వచ్చింది కాబట్టి, నల్గొండ పక్కనే పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి ఒక సెలవు రోజు పూర్తిగా కేటాయించు. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పొద్దంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ చూడటానికి అందరూ వెళ్తారు, దండం పెట్టుకుని పది నిమిషాల్లో వచ్చేస్తారు. నువ్వు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు అదే చోట కూర్చో. సూర్యుడు కదులుతున్నా నీడ కదలదు, కానీ దాని అంచు, ముదురు మారుతుంటాయి. పెన్సిలుతో ఆ మూడు ముదుర్లు పక్కపక్కన వెయ్యి. నీడ అంటే నల్లరంగు కాదు, చెదిరి వచ్చే వెలుగులో తక్కువ పడిన భాగం అని ఆ రాళ్లు చెప్తాయి. సూర్యాపేట పక్క పిల్లలమర్రి గుళ్లు కూడా చూడు, కాకతీయుల నాటి క్షీరసాగర మథనం రంగులచిత్రం ఆనవాళ్లు అక్కడున్నాయి. మీ జిల్లాల్లోనే ఇంత ఉండగా గుర్రాలు ఎందుకు చెప్పు.

గురువు విషయం. రెండు నెలలకొకసారి హైదరాబాద్ వెళ్లు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఏ ప్రదర్శన ఉంటే అది చూడు, సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక గది ఎంచుకుని ఆ ఒక్క గదే చూడు (శుక్రవారం సెలవు, గుర్తుంచుకో). ప్రదర్శన పెట్టిన పెయింటర్ తరచూ అక్కడే ఉంటారు. నోటుబుక్కు చూపించి, "ఇందులో ఏది బాగాలేదు సార్" అని అడుగు. ఏది బాగుందని అడగకు. పదిమందిలో ఒకరు కూర్చోబెట్టి చెప్తారు, ఆ ఒక్కరిని వదలకు. టెక్నికల్ సర్టిఫికెట్ కోర్సు కింద ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాయాలనుకుంటే రాయి, రేపు డ్రాయింగ్ టీచర్ దారి తెరిచి ఉంటుంది. వాటితో పెయింటర్ అయిపోతానని మాత్రం అనుకోకు.

వాట్సాప్‌లో "అంతర్జాతీయ ప్రదర్శన, ఎంట్రీ ఫీజు కట్టండి, అవార్డు, సర్టిఫికెట్" అని వచ్చేవాటికి ఒక్క రూపాయి కట్టకు. బొమ్మను చూడకుండా అవార్డిచ్చేవాడికి నీ బొమ్మతో పని లేదు. ఆ డబ్బుతో 300 జీఎస్‌ఎం మందపాటి కాగితం కొనుక్కో.

బొమ్మలు అమ్మడం మొదలైతే మీ సంస్థ ప్రవర్తనా నియమావళి ముందుగా చదువు. కేంద్ర ఉద్యోగుల నియమాల్లో, విధులకు అడ్డం రానంతవరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళాత్మక పనికి వెసులుబాటు ఉంది. ఒక్కో సంస్థకు నియమాలు ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో అడిగి, అమ్మకానికి అనుమతి కాగితం మీద తీసుకో. వచ్చిన డబ్బు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపించు. నోటిమాట అనుమతి పనికిరాదు, ఆఫీసరు మారితే మాట మారుతుంది.

దోస్తులు చెప్పే బీటెక్ ఇప్పుడొద్దు. చెడ్డదని కాదు. షిఫ్టు, చదువు, బొమ్మ మూడూ పెట్టుకుంటే మొదట రాలేది బొమ్మే, నాకు అనుభవం. ప్రమోషన్ రెండేళ్లు ఆలస్యమైతే ఇల్లు గడవకపోదు. రెండేళ్ల తర్వాత నలభై బొమ్మలు గోడకున్నాక, అప్పుడు మళ్లీ రాయి, బీటెక్కా, రాజీనామానా, ఇట్లాగే సాగాలా మాట్లాడుకుందాం.

నాయిన సంగతి చివరికి ఉంచాను. ఆయన కోపంలో న్యాయముంది తమ్ముడూ. బస్తా బరువు తెలిసిన మనిషి, నెల జీతం విలువ నీకంటే ఎక్కువ తెలిసినవాడు. ఆయనతో వాదన పెట్టుకోకు, కెరీర్ ప్లాన్ చెప్పకు. ఉద్యోగం వదలనని ఒక్క మాట చెప్పు, ఆయనకు ఆ మాటే కావాలి. తర్వాత ఆ లైన్‌మన్ బొమ్మ చూపించు. హెల్మెట్‌లో ఉల్లిగడ్డ ఎందుకుందో ఆయనకు విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ పైన, మిల్లు బందున్న రోజు ఆయన్ని గడప దగ్గర కూర్చోబెట్టు. పొద్దటి ఎండ పక్క నుంచి పడాలి. బనియన్ తీసెయ్యమను. ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశావే, బస్తా ఆనేచోట భుజం, దాన్ని గీయి. మొహం తర్వాత. ఒకే కాగితం మీద ముగించాలని చూడకు, పది కాగితాలు పట్టనీ. చాయ్ తాగి లేచిపోతే పోనీ, మళ్లీ ఆదివారం కూర్చోబెట్టు. ఆ పది కాగితాలూ ఫొటో తీసి నాకు పంపు. చెరిపినవి కూడా పంపు, ఏదీ దాచకు.